మూడు దినముల శిక్షణ అందరికిని కావలెను

లైసెన్సు చేతికి వచ్చినంతనే బండి నడుపు విద్య ముగిసినదని తలచుట పొరపాటు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల మన తెలుగు కుటుంబములలో లారీయో, బస్సో, టాక్సీయో నడిపి జీవించువారు కలరు. వారికొరకే ఈ మాట.

పెట్రోలు వంటి అపాయకరమైన సరకును తీసికొనిపోవు డ్రైవరు మూడు దినముల శిక్షణ పొందవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు విధించినవి. ప్రమాదకారణములు, బ్రేకు వేసిన పిదప బండి సాగు దూరము మున్నగునవి అందలి పాఠములు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో 22 మీటర్లు సాగును. వేగము రెట్టింపైనచో బ్రేకు వేసిన పిదప సాగు దూరము నాలుగింతలగును. ఈ లెక్క ఇసుక లారీకిని, బడి బస్సుకును వర్తింపదా? 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి.

కావున ఈ శిక్షణ బండి నడిపి బ్రదుకువారందరికిని ఈయవలెనని మా అభిప్రాయము. ఆ మూడు దినముల జీతమును, బత్తాను యజమానులు కోయరాదు. ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తమిళమో కన్నడమో చదివినవారు మనలో పెక్కురు. వారికి అచ్చుపుస్తకముకంటె తెలుగున నోటితో చెప్పిన పాఠమే మనసున నిలుచును. అనుభవజ్ఞులైన విశ్రాంత డ్రైవర్లను పిలిపించి, ఆదివారములందు మన సంఘములే ఈ పాఠములను ఆరంభింపవలెనని కోరుచున్నాము.