నేర్పుతున్నాంగా... జీతం కూడానా?

సినిమాలో అయితే ఎంత సులువో చూడండి! హీరో పనివాడుగా షెడ్డులో అడుగుపెడతాడు. పాట మొదలవుతుంది. రెండో చరణం పూర్తయ్యేసరికి యజమాని కుర్చీలో కూర్చుంటాడు! ఆ మధ్య రోజుల్లో అతగాడికి అన్నం ఎవరు పెట్టారు, బస్సు చార్జీ ఎవరిచ్చారు అని మనం అడగం. డైరెక్టరుగారూ చెప్పరు.

నిజంగా పని నేర్చుకునే కుర్రాడికి ఆ పాట ఏళ్ళ తరబడి సాగుతుంది. చిలకలపూడి రోల్డుగోల్డు నగల పని కానివ్వండి, పెడన కలంకారీ అద్దకం కానివ్వండి, గుడివాడలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కానివ్వండి... జీతం సంగతి ఎత్తితే వినిపించే జవాబు ఒకటుంది. “పని నేర్పుతున్నాం, అదే జీతం అనుకో!”

అందులో నిజం లేకపోలేదు. కొత్త చేతిలో సరుకు పాడవుతుంది. పెద్ద పనివాడు తన పని ఆపుకుని నేర్పాలి. చిన్న కొట్టువాడికి అదంతా నష్టమే. కాదనం.

ఘంటసాలగారినే తీసుకోండి. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఆయన, విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనకి డబ్బు తీసుకోకుండా విద్య చెప్పారు. “అంతటివాడే అలా నేర్చుకున్నాడు, నీకేం?” అనొచ్చు. కానీ శాస్త్రిగారు శిష్యుడి పాట అమ్మి లాభం చేసుకోలేదు కదండీ! తేడా అంతా అక్కడే ఉంది.

కుర్రాడు చేసింది చెత్తబుట్టలో పడినన్నాళ్ళూ అది పాఠం. కొనేవాడి చేతికి వెళ్ళిన రోజునుంచీ అది పని. పనికి కూలి ఇవ్వాల్సిందే.

పైగా, దివిసీమలో అవనిగడ్డ నుంచో నాగాయలంక నుంచో రోజూ బందరు వచ్చే కుర్రాడికి జీతం లేకపోవడమంటే ఎదురు ఖర్చు! అది భరించగల ఇంటి పిల్లలే పని నేర్చుకుంటారు. చేతిలో నైపుణ్యం ఉండీ జేబులో డబ్బులేనివాడు హైదరాబాదు బస్సెక్కుతాడు. రేపు ఆ నగ చేసేదెవరు?

చట్టం లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 2019లో నిబంధనలు సవరించినప్పుడు మొదటి ఏడాది కనీస స్టైపెండు టెన్త్ పాసైనవారికి నెలకు 6,000, డిగ్రీవారికి 9,000 రూపాయలుగా పెట్టారు. 30 మంది, ఆపైన పనిచేసేచోట అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి చేశారు. 4 నుంచి 29 మంది ఉన్నచోట యజమాని ఇష్టం. 2016లో వచ్చిన కేంద్ర పథకం ఆ స్టైపెండులో పావు వంతు, 1,500 రూపాయలు మించకుండా, ప్రభుత్వం భరించేలా ఏర్పాటు చేసింది. మరి ముగ్గురే ఉన్న కొట్టో? అక్కడ ముందే మాట్లాడుకున్న మాటే చట్టం!

అంచేత తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చేరే రోజునే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్ళు నేర్పుతారు? అన్నాళ్ళూ చార్జీ, భోజనం ఎవరివి? నా చేతి సరుకు అమ్ముడైతే నాకెంత? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఇందులో సిగ్గేముంది?

మీలో ఎవరి నాన్నగారికైనా కొట్టుందా? అయితే సెంటర్ పేజీలో బొమ్మ మీరు తీసుకుని, ఈ పేజీ మాత్రం ఆయన కళ్ళజోడు పక్కన పెట్టండి!