గడప దాటితే మనది కాదా?

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చెత్త పన్ను 2024లో రద్దయింది. చెత్త మాత్రం రద్దు కాలేదు. 2021లో ఇంటింటికీ నెలనెలా రుసుము పెట్టినప్పుడు మా విజయవాడలో ఆడవాళ్లు వాకిట్లోనే నిలదీశారు. "ఇంటిపన్ను కడుతున్నాం, నీటిపన్ను కడుతున్నాం, ఇక చెత్తకి కూడానా?" అని. ఆ కోపంలో న్యాయముంది. అయితే ఆ రోజుల్లోనే ఇంకో మాట కూడా తరచూ విన్నాను. "డబ్బులు కడుతున్నాంగా, ఎలా పడేస్తే ఏం? ఎత్తుకోవడం వాళ్ల పని." పన్ను పోయింది, ఆ మాట పోలేదు.

మనవాళ్లకి శుభ్రత తెలియదంటే నేనొప్పుకోను. పొద్దున్నే వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసి గానీ మనలో చాలామందికి కాఫీ గొంతు దిగదు. కానీ ఆ శుభ్రతకి గడపే హద్దు. ఊడ్చినదాన్ని పక్కింటి గోడ వారకో, సైడు కాలవలోకో నెట్టేస్తే పనైపోయిందనుకుంటాం. మునిసిపాలిటీల వాళ్లకీ ఈ సంగతి తెలిసినట్టే ఉంది. వీధి మలుపుల్లో చెత్తకుప్పలు ఎత్తించాక అక్కడే ముగ్గులు వేయిస్తున్నారు, పూలకుండీలు పెట్టిస్తున్నారు. ముగ్గు మీద కవరు విసరడానికి చెయ్యి రాదని ఆశ. కొన్నిచోట్ల పనిచేస్తోంది కూడా!

మా ఊరి మధ్య నుంచి మూడు కాలవలు పారతాయి. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన కృష్ణ నీళ్లే అవి. దిగువ ఊళ్ల పొలాలు తడిసేదీ వాటితోనే. జనం చెత్త వెయ్యకుండా వంతెనల మీద ఇనుప వలలు కట్టారు. వల పైనుంచి గిరవాటు వేసేవాళ్లని నేను చూశాను. స్కూటీ ఆపి, చెప్పులు విడిచి, దణ్ణం పెట్టుకుని మరీ విసురుతారు. ఎందుకంటే ఆ కవర్లో ఉన్నవి పూజ చేసిన పూలు. దేవుడి పూలు చెత్తబుట్టలో వెయ్యకూడదన్న నమ్మకాన్ని నేను తప్పుపట్టను. కానీ పూలు నీళ్లలో కలపమన్న మన అమ్మమ్మలకి ప్లాస్టిక్ కవరు తెలియదు కదా! ముడివేసిన కవర్లో ఆ పూలు కుళ్లుతాయే గానీ ఏ నీళ్లలోనూ కలవవు. ఒక పాతకుండీలో గుప్పెడు మట్టి, పూలు, మళ్లీ మట్టి వేస్తూ పోతే కొన్నాళ్లకి చక్కటి ఎరువు తయారవుతుంది. తులసమ్మ మొదట్లో వేసుకోవచ్చు. అక్కడెవరూ తొక్కరు.

ఇక అసలు విషయానికొస్తాను. మనం ముడివేసిన కవరు ఎవరు విప్పుతారో ఎప్పుడైనా ఆలోచించారా? తెల్లవారకముందే వీధులూడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మా వీధి ఊడ్చే ఆమె ఆమధ్య అరచేతికి గుడ్డ కట్టుకుని వచ్చింది. ఏమైందని అడిగితే, "గాజు గ్లాసు పెంకమ్మా, అన్నంలో ఉంది. కవరు పట్టుకున్నాక తెలిసింది" అంది. ఆ గ్లాసు ఏ ఇంట్లో పగిలిందో ఎవరికి తెలుసు?

వాడిన శానిటరీ ప్యాడ్ల సంగతీ అంతే. మాట్లాడటానికి మొహమాటపడతాం, అన్నం కూరలతో కలిపి పడెయ్యడానికి మాత్రం మొహమాటం ఉండదు. వాటిని విడిగా చుట్టి ఇవ్వాలనీ, చుట్టడానికి కవర్లు తయారుచేసేవాళ్లే ప్యాకెట్‌తోపాటు ఇవ్వాలనీ కేంద్రం 2016 నియమాల్లోనే రాసింది. అంతకుముందే, 2013లో, పుణెలో చెత్త సేకరించే కార్మికుల సహకార సంఘం 'స్వచ్ఛ్' వాడిపడేసిన ప్యాడ్లని మూటగట్టి కంపెనీలకే తిప్పి పంపింది. ఆ ఊళ్లోనే ప్యాడ్‌ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి పైన ఎర్రచుక్క పెట్టడం అలవాటు చేశారు. ఎర్రచుక్క చూస్తే కార్మికురాలు విప్పదు. చుక్క పెట్టడానికి అర నిమిషం చాలు.

తడి వేరు, పొడి వేరు అనేది కూడా కొత్త మాటేం కాదు. నగరాల చెత్త గురించి 1996లో సుప్రీంకోర్టుకి ఎక్కిన అల్మిత్రా పటేల్ అనే ఇంజనీరు ఒక మహిళ. ఆ కేసు పుణ్యమా అని 2000లో దేశానికి మొదటిసారి చెత్త నియమాలొచ్చాయి. ఆ తర్వాత మూడేళ్లకి, సూర్యాపేటలో మునిసిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ వీధి చెత్తకుండీలే తీయించేశారు. ఇంటి దగ్గరే తడి, పొడి విడివిడిగా తీసుకుని, తడిదాన్ని ఎరువు చేయించి, పొడిదాన్ని అమ్మించారు. పెద్ద నగరమూ కాదు, పెద్ద నిధులూ లేవు. మన ఊళ్ల చెత్తలో సగానికి పైగా తడిదే. అది కలవకపోతే కాగితం, సీసా, అట్టపెట్టె అన్నీ పాతసామాన్లవాడికి పనికొచ్చేవే. కలిస్తే అంతా కంపు. కలిపిన చెత్త హైదరాబాద్ శివార్లలోని జవహర్‌నగర్ గుట్టకి చేరితే ఏమవుతుందో దమ్మాయిగూడ ఇల్లాళ్లు చెబుతారు. వాసనకి కిటికీలు తెరవలేమని వాళ్లు ఏళ్లతరబడి మొత్తుకున్నారు. భూగర్భజలం పాడైందన్న గోడు సరేసరి.

"మనం వేరుచేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారుగా" అంటారా? చాలా ఊళ్లలో ఇది నిజమే. అలా కలిపేవాళ్లని అడగాలి, వార్డు ఆఫీసుకెళ్లి అడగాలి. జనానికి బుద్ధి లేదని అధికారులనడం కూడా సగం నిజమే. సూరత్ చూడండి. 1994లో ప్లేగు భయంతో జనం ఊరొదిలి పారిపోయారు. అక్కడి మరమగ్గాల్లో తెలంగాణ నేత కార్మికులు ఎందరో ఉండటంతో ఆ భయం మన ఊళ్లదాకా వచ్చింది. మరుసటేడు కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అధికారుల్ని రోజూ వీధుల్లోకి నడిపించారు, చెత్త వేసినవాళ్లకి జరిమానాలు విధించారు. రెండూ చేశారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్‌కి దేశంలోనే మొదటి స్థానం వచ్చింది.

నాకున్న అసలు కోపం ఇంకొకటుంది. ఈ బాధ్యత ఎవరెత్తినా గృహిణివైపే చూస్తారు. కారు అద్దం దించి కూల్‌డ్రింక్ సీసా విసిరేదెవరు? గుట్కా నమిలి గోడ మీద ఊసేదెవరు? పెళ్లి భోజనాల విస్తళ్లు ఖాళీ స్థలంలో కుమ్మరించమని క్యాటరింగువాడికి చెప్పేదెవరు? చెత్తబండి వచ్చినప్పుడు బుట్ట పట్టుకుని మెట్లు దిగే మగవాళ్లని మీ వీధిలో ఎంతమందిని చూశారు? ఇంట్లో రెండు బుట్టలు పెట్టడం ఇల్లాలి పనైతే, ఏ బుట్టలో ఏది వెయ్యాలో తెలుసుకోవడం ఇంటిల్లిపాదికీ పనే. బడికెళ్లే పిల్లలు రెండు రోజుల్లో నేర్చుకుంటారు. పెద్దాయనకే "ఇది తడా, పొడా?" అని రోజూ సందేహం!

మా అపార్ట్‌మెంట్‌లో పన్నెండిళ్లు. ఏడిళ్లవాళ్లు వేరుచేస్తున్నారు, అయిదిళ్లవాళ్లు "చూద్దాంలెండి" అంటున్నారు. వచ్చే ఆదివారం మీటింగు ఉంది. లిఫ్టు రిపేరు తర్వాత రెండో విషయం ఇదే. ఇంట్లో చెత్తబుట్ట ఎప్పుడూ ముట్టనివాళ్లే ఈసారి మీటింగుకి రావాలని నోటీసు బోర్డులో పెట్టాం.