పుటకూ పూర్వాపరాలున్నాయి

వెబ్ ఫారమ్స్ నేర్పే అయ్యవార్లతో నాకొక పేచీ ఉన్నది. తెలుగు పండితుడికి ఏఎస్పీ డాట్ నెట్‌తో పనేమిటని నవ్వేవారు నవ్వవచ్చును. ఉద్యోగ విరమణానంతరం ఈ విద్యను కొంత అభ్యసించాను. ఏళ్ళ తరబడి సంధులు చెప్పినవాణ్ణి గనుక, క్రమం విడిచిన బోధన ఎక్కడ కనబడినా నోరు ఊరుకోదు.

వారు పిల్లలకు చెప్పేదేమి? "పేజీ లోడ్‌లో ఈజ్‌పోస్ట్‌బ్యాక్ కాకపోతేనే అని ఒక షరతు వ్రాయండి, కారణం మీకెందుకు?" అర్థం చెప్పకుండా శబ్దమంజరి వల్లె వేయించడం ఇదే.

కారణం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? అభ్యర్థన వచ్చిన ప్రతిసారీ సర్వరు ఆ పేజీని సరికొత్తగా సృష్టించి, జవాబు పంపి, పారవేస్తుంది. ఇనిట్‌లో కంట్రోళ్ళు సిద్ధమవుతాయి. పోస్ట్‌బ్యాక్ అయితే పిమ్మట వ్యూస్టేట్ నుండి పాత విలువలు, ఆపైన వాడుకరి పంపిన విలువలు వాటిలోకి చేరతాయి. అప్పుడు లోడ్. బటన్ నొక్కిన సంగతి పేజీకి పట్టేది ఆ తరువాతనే. ప్రీరెండర్ దాటాక వ్యూస్టేట్ భద్రమై, పుట హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మారుతుంది. అన్‌లోడ్‌తో కథ కంచికి. (ఇనిట్ పిల్లల నుండి తల్లికి, లోడ్ తల్లి నుండి పిల్లలకు నడుస్తుందన్న ముచ్చట ఎందరు చెబుతున్నారో!)

ఇప్పుడు ఒక పింఛను దరఖాస్తు ఊహించండి. గుమాస్తా మండలం ఎంచి బటన్ నొక్కాడు. ఆ ఎంపిక లోడ్‌కు ముందే జాబితాలో చేరింది. లోడ్‌లో షరతు లేకుండా జాబితాను మళ్ళీ నింపితే ఎంపిక చెరిగిపోతుంది. బటన్ వంతు వచ్చేసరికి మిగిలేది మొదటి మండలం పేరే. తెర మీద ఏ దోషమూ కనబడదు. ముసలమ్మ కాగితం మాత్రం వేరే ఊరికి పోతుంది. షరతును వల్లించినవాడు దాన్ని ఒకచోట మరచిపోతే, తప్పు ఎక్కడుందో ఎలా వెదకగలడు?

మన వ్యాకరణంలో ఇది కొత్త కాదు. చూచెను, కొండలు అన్నప్పుడు ముందుగా పరుషం సరళమై 'గొండలు' కావాలి. అలా ఆదేశంగా వచ్చిన సరళాన్ని చూచుకొనే ద్రుతం బిందువవుతుంది: చూచెఁగొండలు. రెండవ సూత్రం మొదటిదాని ఫలితం మీద నిలిచినది. తలక్రిందులు చేస్తే రూపమే సిద్ధించదు.

"అది పాతబడింది, ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో లేనే లేదు" అంటారు. 2016లో వచ్చిన కోర్‌లో వెబ్ ఫారమ్స్‌కు చోటు దక్కని మాట నిజమే. 2002 నుండి వ్రాసిన పుటలన్నీ అంతటితో మాయమయ్యాయా? వాటిని మరమ్మతు చేసేది ఈ పిల్లలే కదా!

పేజీ డైరెక్టివ్‌లో ట్రేస్ అన్న గుణానికి ట్రూ అని పెడితే, ఏ ఘట్టం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో కాలంతో సహా పుట అడుగునే పట్టికగా వస్తుంది. దానిని తరగతిలో ఒక్కమారు చూపడానికి అయ్యవార్లకు పది నిమిషాలు దొరకవా?