పేటకూ సముద్రానికీ ఏమిటి సంబంధం?

కార్తీక పౌర్ణమికి చిలకలూరిపేట నుండి ఇంటిల్లిపాదీ సూర్యలంక వెళ్ళివచ్చాము. స్నానాలయినాయి, దీపాలయినాయి. తీరా బయలుదేరేవేళ మా పెద్దమ్మ రాగిచెంబుతో సముద్రపు నీళ్ళు ముంచి పైన మూత పెట్టింది, ఇంట్లో చల్లుకోవడానికట. మా చెల్లెలి కొడుకు ఆరవ తరగతి చదువుతున్నాడు. వాడు చెంబులోకి తొంగి చూసి, "ఇందులో ఏమీ లేదు గదా అమ్మమ్మా! వట్టి ఉప్పునీళ్ళు!" అన్నాడు.

పెద్దమ్మకు చిర్రెత్తుకొచ్చింది. "గంగమ్మ తల్లిరా! అందులో అన్నీ ఉన్నాయి" అన్నది. తీర్పు చెప్పే భారం నామీద పడింది. శాస్త్రం తెలిసినవారిని అడిగినా ఈ వ్యాజ్యంలో పెద్దమ్మే గెలుస్తుంది.

ఆ చెంబులో కంటికి కనబడని మొక్కలు లక్షల కొద్దీ ఉన్నాయి. వాటికి వేరు లేదు, కాండం లేదు. చాలావాటికి ఒంటికంతా ఒక్కటే కణం. అలల వెంట తేలిపోతూ ఉంటాయి గనుక వీటిని వృక్షప్లవకాలు అంటారు, ఇంగ్లీషు చదువులో ఫైటోప్లాంక్టన్. మన పొలంలో పైరు మాదిరిగానే ఇవీ ఎండను తిని ఆహారం తయారుచేసుకుంటాయి, ప్రాణవాయువు వదులుతాయి. భూమి మీది పచ్చదనమంతా కలిసి చేసే ఈ పనిలో దాదాపు సగం వాటా వీటిదే. వీటిని సన్నపురుగులు తింటాయి, సన్నపురుగులను చిన్నచేపలు, చిన్నచేపలను పెద్దచేపలు. అందుచేత సముద్రంలో ఎక్కడ ఈ మొక్కలు తక్కువో, అక్కడ జాలరి ఇంట పొయ్యి ఆలస్యంగా వెలుగుతుంది.

తెలుగునాట ఈ సంగతిని పట్టుదలగా చదివిన చోటు వాల్తేరు. 1952లో అమెరికా నుండి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆచార్యులుగా వచ్చారు. మన నౌకాదళం వారి ఓడలెక్కి, విద్యార్థులతో కలిసి, ఏ లోతున నీరు ఎంత చల్లగా ఉన్నదో, ఎంత ఉప్పగా ఉన్నదో కొలిచారు. ఎండలు ముదరకముందు తీరం వెంట ఉత్తరంగా ఒక ప్రవాహం సాగుతుంది. అప్పుడు పైనీరు తీరానికి ఎడంగా జరిగిపోతే, ఆ ఖాళీలోకి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. ఈ వైనాన్ని ఆయన 1954లో ప్రకటించారు. అదే విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులు పి.ఎన్.గణపతి గారూ, వారితో పనిచేసినవారూ సన్నని వలలతో ప్లవకాలను పట్టి పరీక్షించారు. వాల్తేరు తీరాన ఆస్టీరియొనెల్లా అనే నక్షత్రం వంటి సూక్ష్మజాతి ఒక్కసారిగా విజృంభించి నీటిరంగునే మార్చివేసిన ఉదంతాన్ని డి.వి.సుబ్బారావు గారు 1969లో శాస్త్రలోకానికి తెలియజేశారు. ఆ తరువాత ఆయన కెనడాలోని బెడ్‌ఫర్డ్ సముద్రశాస్త్ర సంస్థలో ఈ మొక్కల మీదనే పరిశోధన సాగించారు.

ఇంతవరకూ బాగానే ఉన్నది. ఇక చిక్కుప్రశ్న ఒకటి చూడండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ ఇవన్నీ బంగాళాఖాతంలోనే కలుస్తున్నాయి. మన ఊరి వాగుల నీరు కూడా చివరకు బాపట్ల పక్కగా అక్కడికే చేరుతుంది. ఇంత నీరు, ఇంత ఒండ్రు తెచ్చి పోస్తూ ఉంటే ఆ సముద్రం పచ్చని మాగాణిలా ఉండాలి గదా? ఉండదు! అటు పడమట ఉన్న అరేబియా సముద్రంతో పోలిస్తే మన బంగాళాఖాతం ఈ మొక్కల విషయంలో బీదది. వానాకాలంలో ఆ తేడా మరీ హెచ్చు.

ఎందుకో తెలియాలంటే వంటింట్లోకి రావాలి. పప్పుచారు కాచి దింపి ఊరుకున్నారనుకోండి, పప్పు అడుగుకు దిగిపోతుంది. గరిటె తిప్పకుండా పైపైన వడ్డిస్తే విస్తట్లో పడేది వట్టి చారే. సముద్రమూ అంతే. చచ్చిన జీవాల సత్తువంతా అడుగుకు దిగుతుంది. ఎండ మాత్రం పైపొరలోనే ఉంటుంది. మొక్కకు రెండూ కావాలి. కనుక ఎవరో ఒకరు గరిటె తిప్పాలి. ఆ గరిటె పేరు గాలి.

అరేబియా సముద్రం మీద నైరుతి గాలి బలంగా వీచి అడుగునీటిని పైకి తెస్తుంది. మనవైపు గాలి అంత బలమైనది కాదు. దానికి తోడు నదులు తెచ్చిన మంచినీరు, పైన కురిసిన వాననీరు ఉప్పునీటికన్న తేలిక గనుక, మీగడలా పైన తేలి మూత వేసినట్లు నిలిచిపోతుంది. గరిటె ఆ మూతను దాటి లోపలికి దిగలేదు. మరి నదులు తెచ్చిన సత్తువ ఏమయినట్లు? అందులో చాలాభాగం తీరం దగ్గరనే ఖర్చయిపోతుంది. ఒండ్రునీరు ఎండకు అడ్డుపడుతుంది, మబ్బు సరేసరి. 1966లో వెలసి, గోవాలో ఉన్న జాతీయ సముద్రశాస్త్ర సంస్థకు చెందిన ఎస్.ప్రసన్నకుమార్ ప్రభృతులు ఓడలలో తిరిగి కొలతలు తీసి, ఈ కారణాలను 2002లో వివరించి చెప్పారు.

"చేపలు తినేవాళ్ళ గొడవ మనకెందుకురా?" అన్నది పెద్దమ్మ. అసలు సంగతి ఇక్కడే ఉన్నది. ఆ మూత వల్ల ఎండవేడి లోతుకు దిగకుండా పైపొరలోనే నిలుస్తుంది. బంగాళాఖాతం పైనీరు ఎప్పుడూ వెచ్చగా ఉండి మబ్బులను పుట్టించడానికి అదొక ముఖ్యకారణం. అంటే చేపకు కూడు తగ్గించిన మూతే మన పత్తిచేనుకు వాన కూడా పంపుతున్నదన్నమాట. వాననే కాదు, ఆ వెచ్చదనం తుఫానులకూ మేత. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను తీరం దాటినది బాపట్ల దగ్గరనే. పత్తి, మిరప, పొగాకు పండించే మన ప్రాంతానికి అదెంత కష్టమో చెప్పనక్కరలేదు. పేటకూ సముద్రానికీ సంబంధం లేదనడం ఇకనైనా మానుకోవాలి.

తుఫాను మనకు ఉపద్రవమేగాని, సముద్రానికి అది పెద్దగరిటె. 1999లో ఒడిశాను పెను తుఫాను ముంచెత్తిన తరువాత పరిశోధకులు సముద్రపు నీటిని పరీక్షిస్తే, మూత చెదిరి అడుగు సత్తువ పైకి వచ్చి ప్లవకాలు పెరిగినట్లు తేలింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఇటువంటిది చూడగల కన్ను ఆకాశంలో లేదు. సముద్రపు రంగును చూసి ప్లవకాలను అంచనా కట్టే సాధనం తొలిసారి ఆకాశానికి ఎక్కినది ఆ మరుసటి ఏడు, 1978లో. ఆ పనికే మనవాళ్ళు 1999లో ఓషన్‌శాట్ ఉపగ్రహాన్ని మన శ్రీహరికోట నుండే పంపారు. ఆ వరుసలో మూడవది 2022 నవంబరులో వెళ్ళింది.

ఆ కన్ను చూసినదానితో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ నీటిరంగునూ వేడినీ కలిపి లెక్కకట్టి, ఏ రేవు నుండి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున చేపలుండవచ్చునో తెలుగులో కూడా చెబుతుంది. నడిసముద్రంలో ఊరకే వెదుకులాడితే కాలేది డీజిలు, డీజిలంటే అప్పు. దట్టంగా మబ్బు పట్టినప్పుడు ఉపగ్రహానికి నీరు కనబడదు. ఆ రోజుల్లో జాలరికి తాతల నాటి తెలివే దిక్కు.

దిగులు పుట్టించే మాట ఒకటి మిగిలింది. సముద్రం వేడెక్కేకొద్దీ పైపొర మరింత తేలికై మూత బిగుసుకుంటుంది. పుణె శాస్త్రవేత్త రాక్సీ ప్రభృతులు 2016లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పశ్చిమ హిందూ మహాసముద్రంలో ఆరు దశాబ్దాలలో ఈ మొక్కలు నూటికి ఇరవై వంతుల దాకా తగ్గాయి. బలమైన గాలి ఉన్న అటువైపే అలా ఉంటే, మొదటి నుండీ మూత కింద బతుకుతున్న మన సముద్రం మాటేమిటి? అందుకే ఏటేటా ఓడలెక్కి కొలిచేవారు కావాలి. నిన్నటి కొలత రాసి ఉంచకపోతే రేపటి నష్టం తెలిసేది ఎట్లా?

నేను ముగించేసరికి పిల్లవాడు మూత తీసి చెంబులోకి మళ్ళీ చూస్తున్నాడు. "మా బడిలో సూక్ష్మదర్శిని ఉంది అమ్మమ్మా, ఒక్క చెంచాడు ఇవ్వవూ?" అన్నాడు. ఇంట్లో చల్లగా మిగిలిన నీళ్ళలో నుండి పెద్దమ్మ ఒక చిన్నసీసాలోకి వంచి ఇస్తూ, "పారబోయకు. ఏం కనబడిందో వచ్చి నాకు చెప్పు" అన్నది.