ఆరు మీటర్ల దూరం కూడా దక్కని నీళ్లు



మొన్న మాదాపూర్‌లో చాయ్ తాగుతుంటే మన తమ్ముడే ఒకడు అన్నడు: "ఊర్లన్నీ సిటీ మీద పడితే హైటెక్ సిటీకి నీళ్లు ఎట్ల సరిపోతయన్నా?" వాడు కూడా తండా పిల్లగాడే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్న.

తమ్మీ, ముందుగాల ఆ నీళ్లు ఎక్కడివో చూడు. మాది దేవరకొండ వైపు. సాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, మా పీఏ పల్లి మండలంలోని అక్కంపల్లి రిజర్వాయర్ల నింపుతరు. కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పట్నం పంపుతరు. 2004లో మొదలైంది. ఇప్పుడు మూడు దశలు కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్ల పథకం అది. ఆ పైపులు మా తండాల పక్కనుంచే పోయినయి. మనోళ్లు మాత్రం బోరు నీళ్లు తాగి పళ్లు గారబట్టించుకున్నరు, నడుములు వంగబెట్టుకున్నరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ పనికిరాదని ప్రమాణం చెప్తది. నల్లగొండ బోర్లకు ఆ ప్రమాణం ఎవరు చదివి వినిపించిండ్రు? మిషన్ భగీరథ వచ్చినంక కొంత మారింది, కాదనను. కానీ మన నీళ్లు పట్నానికి ముందు చేరినయి, మనకు తర్వాత. ఎవరు ఎవరి మీద పడ్డట్టు?

ఇంక పట్నంలో మనోళ్ల సంగతి. పోయిన ఎండాకాలం మా మామ పనిచేసే సైటుకు పోయిన. ఆ బిల్డర్ పేరు ఇక్కడ వద్దు. రేకుల షెడ్లు, ఒక సంపు. ట్యాంకర్ వచ్చి అందులనే పోస్తది. సిమెంటుకు తడి పెట్టేది ఆ నీళ్లతోనే, బట్టలు ఉతికేది, పిల్లలు తాగేది కూడా అవే. లెట్రిన్ నాలుగడుగుల దూరంల ఉంది. "తాగేటివి కొనుక్కుంటం లేరా" అన్నడు మామ, క్యాన్ చూపిస్తూ.

2025 దాకా అమల్ల ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, సెక్షన్ 32 చూడండి. తాగునీళ్లు యజమానే ఇయ్యాలని అందుల ఉండె. ఆ చోట "తాగునీరు" అని కూలీలకు అర్థమయ్యే భాషలో రాసిపెట్టాలని ఉండె. మరుగుదొడ్డికి ఆరు మీటర్ల లోపల ఉండొద్దని ఉండె. ఆరు మీటర్లు! ముప్పై అంతస్తులు లేపేటోడికి ఆరు మీటర్ల జాగ దొరకలేదట.

2021 జనవరి నుంచి సిటీలో నెలకు 20 వేల లీటర్లు ఉచితం. మంచి పథకమే. మీటరున్న ఫ్లాటుకు వస్తది, బస్తీలో కనెక్షన్ ఉన్న ఇంటికీ వస్తది. షెడ్డుకు కనెక్షనే లేదు, ఉచితం ఎక్కడికెళ్లి వస్తది? 20 వేల లీటర్లంటే 20 లీటర్ల క్యాన్లు వెయ్యి. ఆ ఫ్లాటు కట్టిన మనిషి మాత్రం కూలి పైసల్లోంచి తీసి ఒక్కో క్యాన్ కొనుక్కుంటడు.

బస్తీలో కనెక్షన్ ఉన్నా భరోసా లేదు. 2022 ఏప్రిల్‌లో మాదాపూర్ వడ్డెర బస్తీల ఒక యువకుడు చనిపోయిండు, ఎంతోమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలైండ్రు. నల్లా నీళ్లే కారణమన్నరు బస్తీ జనం. శాంపిళ్లలో తేడా లేదన్నది జలమండలి. ఎవరిది నిజమో నేను తీర్పు చెప్పను. కానీ ఒక ముచ్చట: నీళ్లు రోజు మార్చి రోజు వస్తే, మధ్యల పైపు ఖాళీగ ఉంటది. పగులున్న చోట పక్క మోరీ నీళ్లు లోపలికి గుంజుకుంటది. మళ్ల నీళ్లు వదిలినప్పుడు ముందుగాల వచ్చేది ఆ మురికే. నాలుగు దినాల తర్వాత ధారగ పారే నీళ్లు పట్టి పరీక్ష చేస్తే ఏం దొరుకుతది? నల్లా చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలె. ఏ గల్లీల ఎంత ఉందో ఆ దినమే వార్డు ఆఫీసు గోడ మీద రాయమనండి. ఐటీ కారిడార్‌కు అదేం పెద్ద పనా?

లైన్‌మెన్లను తిట్టుడు నా ఉద్దేశం కాదు, వాళ్లలో కూడా మనోళ్లే ఉన్నరు. నేను అడిగేది పర్మిషన్ ఇచ్చేటోళ్లను: నల్లా కనెక్షన్ లేని లేబర్ షెడ్డుకు బిల్డింగ్ పర్మిషన్ ఎట్ల ఇస్తున్నరు?

కొండాపూర్, గచ్చిబౌలి, కోకాపేట వైపు పీజీలు, హాస్టళ్లలో ఉన్న మన పిల్లలు ఈ ఆదివారం ఒక టేపు పట్టుకుని దగ్గర్లున్న సైటుకు పోండి. సంపు నుంచి లెట్రిన్ దాక కొలిచి ఫోటో పెట్టండి. కూలీల ముఖాలు రానీయకండి, మేస్త్రీ వాళ్ల పని తీసేస్తడు. మురికి నీళ్లొస్తే 155313కు కొట్టి, ఫిర్యాదు నంబర్ రాసి ఉంచుకోండి. లెక్కలన్నీ కలిపి లేబర్ ఆఫీసుకు పోయే కాగితం నేను రాస్త.