స్కాన్ దగ్గరే ఆగిపోతున్న అణు వైద్యం

ప్రభుత్వాసుపత్రికి పెట్ సీటీ యంత్రం వస్తే అది పెద్ద వార్త. రిబ్బను కత్తిరించే మంత్రి ఉంటారు, వెనక తెల్లకోట్లు ఉంటాయి, బయట వేలకు వేలు పోయాల్సిన పరీక్ష ఇక్కడ ఉచితమన్న ప్రకటన ఉంటుంది. ఆ స్కాన్ పట్టిచ్చిన జబ్బుల్లో కొన్నింటికి అదే విభాగంలోనే మందు కూడా ఇవ్వొచ్చన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. న్యూక్లియర్ మెడిసిన్ అంటే మన పాలకులకూ, చాలామంది రోగులకూ ఒక ఖరీదైన స్కాన్, అంతే. యంత్రం కొనేస్తే విభాగం పెట్టేసినట్టేనన్న లెక్కలో ఉన్నాం. ఈ లెక్క మార్చుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో నాలుగైదు చోట్ల, స్కాన్‌తో పాటు రేడియోధార్మిక మందులిచ్చే ఐసొలేషన్ గదులు, వాటిని నడిపే మనుషులు ఉన్న పూర్తిస్థాయి కేంద్రాలు పెట్టాలి. జిల్లాకో పెట్ యంత్రం అన్నది వినడానికి బాగుంటుంది గానీ, ఈ వైద్యం స్వభావం తెలిస్తే ఆ మాట ఎవరూ అనరు.

ఈ వైద్యం నిన్నా మొన్నా పుట్టింది కాదు. థైరాయిడ్ గ్రంథి రక్తంలోని అయొడిన్‌ను లాగేసుకుంటుంది. రేడియోధార్మిక అయొడిన్ ఇస్తే దాన్నీ అలాగే లాక్కుంటుంది, లోపలి నుంచే ఆ కణాలు నశిస్తాయి. 1941లో అమెరికాలోని బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ ఈ పద్ధతిని అతి థైరాయిడ్ జబ్బుకు వాడారు. ఆ దశాబ్దంలోనే ఇతర భాగాలకు పాకిన థైరాయిడ్ క్యాన్సర్‌కూ వాడటం మొదలైంది. మన దేశంలో భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) 1963లోనే ముంబైలోని పరేల్‌లో రేడియేషన్ మెడిసిన్ సెంటర్‌ను తెరిచింది. ఇటీవల మారిందల్లా ఏమిటంటే, అయొడిన్‌కు ఉన్న ఈ సహజమైన గురి ఇప్పుడు ఇతర క్యాన్సర్లకూ దొరికింది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల పైపొరపై పీఎస్ఎంఏ అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకునే ఒక చిన్న అణువుకు గాలియం-68 తగిలిస్తే పెట్ స్కాన్‌లో జబ్బు ఎక్కడెక్కడ ఉందో మెరుస్తుంది. గాలియం తీసేసి ఇంచుమించు అలాంటి అణువుకే లుటీషియం-177 తగిలిస్తే, చూపించిన చోటికే మందు చేరుతుంది. లుటీషియం వదిలే బీటా కణాలు కణజాలంలో రెండు మిల్లీమీటర్లకు మించి పోవు కాబట్టి చుట్టుపక్కల అవయవాలకు దెబ్బ తక్కువ. ముందు స్కాన్‌లో మెరవని రోగికి ఈ మందు ఇవ్వరు. ఇస్తే దండగ అని ముందే తెలిసే మందులు వైద్యంలో ఎన్ని ఉన్నాయి చెప్పండి?

దీనికి రుజువులున్నాయి. ఆస్ట్రేలియాలో 302 మంది మీద జరిపి 2020లో ప్రచురించిన పరీక్షలో, ప్రొస్టేట్ క్యాన్సర్ పాకిందో లేదో తేల్చడంలో పీఎస్ఎంఏ పెట్ స్కాన్ కచ్చితత్వం 92 శాతం, మామూలు సీటీ, ఎముకల స్కాన్ కలిపితే 65 శాతం. చికిత్స విషయానికొస్తే, 2021లో వెలువడిన విజన్ పరీక్షలో హార్మోన్ మందులు, కీమో రెండూ విఫలమైన 831 మంది ఉన్నారు. లుటీషియం తీసుకున్నవారి మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 15.3 నెలలు, తీసుకోనివారిది 11.3. పేగుల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితులపై 2017లో వచ్చిన నెటర్-1 ఫలితం మరీ కొట్టొచ్చినట్టుంది. ఇరవై నెలల తర్వాత జబ్బు ముదరకుండా నిలిచినవారు లుటీషియం తీసుకున్నవారిలో 65 శాతం, మరో వైపు 11 శాతం. అయితే మొత్తం ఆయుష్షు లెక్క తర్వాత తేలినప్పుడు 48 నెలలు, 36 నెలలుగా కనబడినా ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. ఈ రెండో వాక్యం ప్రచార కరపత్రాల్లో సాధారణంగా కనబడదు. రోగికి మాత్రం రెండూ చెప్పాలి.

ఇక స్వభావం సంగతి. ఇది అల్మరాలో పెట్టుకుని ఎప్పుడైనా తీసి వాడుకునే మందు కాదు, దారిలోనే కరిగిపోయే సరుకు. పెట్ స్కాన్‌లో ఎక్కువగా వాడే ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది. హైదరాబాద్ సైక్లోట్రాన్‌లో తయారైన డోసు మూడు గంటలు ప్రయాణించి ఇంకో ఊరు చేరేసరికి మూడోవంతే మిగులుతుంది. టోల్‌గేట్ దగ్గర ట్రాఫిక్ జామ్ అయితే ఆ రోజు జాబితాలో చివరి ఇద్దరు రోగులు ఖాళీ కడుపుతో వచ్చి ఇంటికి పోవాల్సిందే. గాలియం-68 ఇంకా పెళుసు, 68 నిమిషాలకే సగం. దాన్ని రవాణా చేయడం కన్నా, జెర్మేనియం నింపిన జనరేటరును ఆసుపత్రిలోనే ఉంచి, పాడి ఆవును పూటపూటకూ పితికినట్టు కావాల్సినప్పుడల్లా తీసుకుంటారు. ఆ జనరేటరు దిగుమతి సరుకు, చాలా ఖరీదు, రోగులు వచ్చినా రాకపోయినా ఏడాదిలోపే దాని పస తగ్గిపోతుంది. లుటీషియం కాస్త నయం, సగమవడానికి ఆరున్నర రోజులకు పైనే పడుతుంది. అయినా ముంబై నుంచి రావడం ఒక రోజు ఆలస్యమైతే పదో వంతు పోయినట్టే. యంత్రం కొనడం ఒక్కసారి పని, ఈ సరుకు తెప్పించడం వారం వారం చేయాల్సిన పని. రోజుకు నలుగురైదుగురు రోగులే వచ్చే చోట దీన్ని నడిపితే సగం డోసులు సీసాలోనే క్షయమైపోతాయి.

చికిత్స గది లోపలికి తొంగిచూస్తే సంగతి ఇంకా బోధపడుతుంది. న్యూరోఎండోక్రైన్ కణితికి లుటీషియం ఎక్కించే రోజు, మూత్రపిండాలను కాపాడటానికి లైసిన్, ఆర్జినిన్ కలిపిన ద్రావణం ముందుగా మొదలై నాలుగు గంటల పాటు ఎక్కుతూ ఉంటుంది. అది కొందరికి వాంతులు తెప్పిస్తుంది, నర్సు అక్కడే ఉండాలి. సీసపు కవచంలో ఉన్న మందు అరగంటలో శరీరంలోకి వెళుతుంది. కణితి పట్టుకోని భాగం ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో బయటికి వచ్చేస్తుంది కాబట్టి, అధిక డోసులిచ్చే వార్డులో మరుగుదొడ్డి నీళ్లు ఊరి డ్రైనేజీలోకి పోకూడదు. విడిగా కట్టిన ట్యాంకుల్లో నిలవ ఉంచి, రేడియోధార్మికత తగ్గాకే వదలాలి. మెడికల్ ఫిజిసిస్టు మీటరు దూరంలో నిలబడి మీటరుతో కొలిచి సరేనంటేనే రోగి ఇంటికి. సిబ్బంది ఛాతీకి తగిలించుకున్న బ్యాడ్జీ ఎవరికెంత రేడియేషన్ తగిలిందో లెక్కగడుతుంది. రేడియేషన్ భద్రతాధికారి లేకపోతే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతే ఇవ్వదు. వీటిలో ఏదీ రిబ్బను కత్తిరించడానికి పనికొచ్చేది కాదు. ట్యాంకు ముందు నిలబడి ఫొటో ఎవరు దిగుతారు? ప్రైవేటు లెక్క కూడా ఇదే చెబుతుంది. స్కాన్ యంత్రం మీద రోజుకు పాతికమంది దాకా తిరుగుతారు. ఐసొలేషన్ గదిలో ఒక్కరు రెండు మూడు రోజులుంటారు. డబ్బు ఏ వైపు ప్రవహిస్తుందో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు. ప్రభుత్వం పూనుకోవాల్సింది సరిగ్గా ఈ రెండో వైపే.

నాలుగైదు కేంద్రాలంటే ఆదిలాబాద్ వాళ్లు, పాడేరు వాళ్లు ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడే ఈ చికిత్సకూ, ఊళ్లలో కరెంటు పెట్టడం అనే రేడియేషన్ చికిత్సకూ ఉన్న తేడా చూడాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు పెట్టాలంటే వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు రావాలి. కూలి పోతుంది, పిల్లల్ని చూసేవారుండరు, మధ్యలో మానేసేవాళ్లు అందుకే మానేస్తారు. ఆ యంత్రాలు రోగికి దగ్గరగా, వీలైతే ప్రతి జిల్లాలో ఉండాలి. లుటీషియం చికిత్స ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, మొత్తం నాలుగు లేదా ఆరుసార్లు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయొడిన్ చాలామందికి ఒక్కసారితో సరిపోతుంది. ఏడాదిలో ఆరుసార్లు ప్రభుత్వ ఖర్చుతో బస్సెక్కించి, తోడొచ్చిన మనిషికి బస చూపించడం, జిల్లాకో వార్డు కట్టి మనుషులు దొరక్క తాళం వేయడం కన్నా చవక. కేంద్ర బడ్జెట్ 2025-26లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామన్నారు. కీమో ఎక్కించడానికి, రక్తపరీక్షలకు, లుటీషియం తీసుకున్న రోగిని మధ్య వారాల్లో చూసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి. ప్లేట్‌లెట్లు తగ్గాయా, క్రియాటినిన్ పెరిగిందా అన్నది జిల్లాలోనే చూసి ఫోన్లో చెప్పొచ్చు. దేన్ని దగ్గరకు తేవాలో, దేన్ని ఒకచోట ఉంచాలో విడమరచుకోవడమే ప్రణాళిక.

మామూలు కీమో మందులకే దిక్కులేని చోట ఈ పై మెరుగులు ఎందుకన్న అభ్యంతరం దీనికన్నా బరువైనది. క్యాన్సర్ ఎముకలకు పాకి, రాత్రంతా మూలుగుతూ గడిపే రోగులు ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా కనబడతారు. సమారియం-153 ఇంజెక్షన్ ఒక్కటి వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఆ నొప్పి తగ్గిస్తుంది. అది మన దేశంలోనే, అణుశక్తి విభాగం వారి బ్రిట్ సంస్థ తయారుచేస్తున్న మందు. అయొడిన్ కూడా అంతే. ఇవి పై మెరుగులు కావు, ఎనభై ఏళ్ల వైద్యంలో భాగం. లుటీషియం విషయంలోనూ అమెరికా ధర చూసి బెదరనక్కర్లేదు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు కంపెనీ అమ్మే లుటీషియం మందు అక్కడ ఒక్కో డోసు 42,500 డాలర్లకు మార్కెట్లోకి వచ్చింది. మనకు ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లోనే లుటీషియం తయారవుతుంది, దాన్ని ఆసుపత్రి ఫార్మసీలోనే అణువుకు తగిలించుకునే నేర్పు మన విభాగాలకుంది. ఖర్చు ఆ అమెరికా ధరలో చిన్న వంతుకు దిగుతుంది. కరెంటు పెట్టే యంత్రాలకు కేటాయించిన డబ్బు తీసి దీనికి పెట్టమని ఎవరూ అనడం లేదు. జిల్లాకో పెట్ యంత్రానికి పోయే డబ్బును ఇటు మళ్లించమనే.

నాలుగు నెలల ఆయుష్షుకు ఇంత హంగామానా అనేవారూ ఉన్నారు. విజన్ పరీక్షలో చేరినవారు అన్ని మందులూ అయిపోయిన దశలో ఉన్నవారు. అలాంటివారిలో ఏ కొత్త మందు లాభమైనా నెలల్లోనే కొలుస్తాం. నొప్పి ముదరడం ఆలస్యం కావడం కూడా లాభమే. అయినా ఈ అభ్యంతరంలోని సత్తా ఒప్పుకోవాలి. నాలుగో దశ క్యాన్సర్ నయమైపోతుందన్నట్టు హోర్డింగులు పెట్టే ధోరణి ఈ వైద్యానికే చేటు. అందుకే ఎవరికి ఇవ్వాలన్నది ట్యూమర్ బోర్డులో, యూరాలజిస్టు, అంకాలజిస్టు, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు కలిసి కూర్చుని తేల్చాలి. స్కాన్‌లో గురి కనబడటం, మూత్రపిండాలు, మజ్జ తట్టుకోగలగడం, ఇవి కాగితం మీద ఉంటేనే బీమా బిల్లు కదలాలి.

అణు అనే మాటకే జనం ఉలిక్కిపడతారన్నది ఇంకో సందేహం. నల్లమలలో యురేనియం సర్వేపైనా, కొవ్వాడ విద్యుత్కేంద్రంపైనా వచ్చిన ఆందోళనల్లో భూమి, నీళ్లు, ఉపాధి ప్రశ్నలున్నాయి. వాటికి ఆసుపత్రి గదితో సంబంధం లేదు. సంబంధం ఉన్న ప్రమాదం మాయాపురిది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం తుక్కు కింద వేలం వేసిన పాత గామా యంత్రంలోని కోబాల్ట్-60 తుక్కు మార్కెట్‌కు చేరి, ఒక కార్మికుడు చనిపోయాడు. కోబాల్ట్-60 సగమవడానికి అయిదేళ్లకు పైగా పడుతుంది, మరిచిపోయి మూల పడేసినా ప్రాణాంతకంగానే ఉంటుంది. లుటీషియం రెండు నెలలు దాటి ఓ వారం గడిచేసరికి వెయ్యోవంతుకు పడిపోతుంది, ఫ్లోరిన్ మర్నాటికే. అలాగని నిర్లక్ష్యం చెల్లదు. ధ్రువలో తయారయ్యే పద్ధతిలో లుటీషియంతో పాటు 160 రోజుల అర్ధాయువు ఉన్న మలినం కొద్దిగా వస్తుంది. వ్యర్థాలను దాచే గది, దానికో రిజిస్టరు, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసిన మనిషి ఉండాలి. అరకొర సిబ్బందితో ముప్పై చోట్ల ఇవన్నీ పాటించగలమా, నాలుగైదు చోట్లా? భద్రత వాదన కూడా నా వైపే నిలుస్తోంది.

సరఫరా గొలుసు ఎంత బలహీనమో పాశ్చాత్య దేశాలు చూశాయి. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టరు ఆగిపోయి ఏడాదికి పైగా మూతపడితే ప్రపంచమంతా గుండె, ఎముకల స్కాన్లు వాయిదా పడ్డాయి. 2024 అక్టోబరులో నెదర్లాండ్స్‌లోని పెటెన్ రియాక్టరులో ఒక పైపు వంగిందని తెరవడం ఆలస్యమైతే మళ్లీ అదే గోల. 2022లో నొవార్టిస్ రెండు ప్లాంట్లు ఆపేసినప్పుడు డోసు తేదీ ఖాయమైన రోగులు కూడా ఎదురుచూడాల్సి వచ్చింది. వైద్య ఐసోటోపుల కోసం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో రియాక్టరు కడతామని 2020 మేలో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు. అది ఎప్పుడు పూర్తవుతుందని పార్లమెంటులో అడగాల్సిన ఎంపీలు మనకున్నారు. అచ్యుతాపురం దగ్గర బార్క్ ప్రాంగణమూ, అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రీ రెండూ విశాఖ చుట్టుపక్కలే ఉన్నాయి. ఇంతకన్నా అనువైన చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్ ఇప్పటికే న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలు నడుపుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టే చోటు కన్నా వీటిలో పడకలు పెంచడం తేలిక.

కాబట్టి ఈసారి ఏ రాష్ట్రమైనా పెట్ సీటీకి టెండరు పిలిస్తే, యంత్రం మోడలు కన్నా ముందు ఆ కాగితంలో వెతకాల్సినవి వేరే ఉన్నాయి. ఐసొలేషన్ పడకలు ఎన్ని? ట్యాంకులకు స్థలం గీసిన ప్లాను ఉందా? భద్రతాధికారి, ఫిజిసిస్టు, రేడియోఫార్మసిస్టు పోస్టులు మంజూరయ్యాయా, లేక కాంట్రాక్టు మనిషితో సరిపెడతారా? ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలో నాలుగు డోసుల కోర్సంతటికీ ధర కట్టారా, ఒక్కో స్కాన్‌కేనా? సోమవారం ముంబై నుంచి రావాల్సిన పెట్టె విమానం రద్దయి రాకపోతే, ఆ ఉదయం పడకెక్కాల్సిన రోగికి ఫోన్ చేసి చెప్పే బాధ్యత ఎవరిది?