రాసినవాళ్లు వెళ్లిపోయినా మ్యాపు కోడు నిలవాలి

కర్నూలు, కడప జిల్లాల ఇంజినీరింగ్ విద్యార్థులారా, అధ్యాపకులారా!

చెరువులు, వంకలు, బోర్లు, కేసీ కాలువ తూములను మ్యాపుకెక్కించే ప్రాజెక్టులు మన సీమకు ఎంతో అవసరం. కానీ సి భాషలో రాసిన ఆ కోడు రాసిన బ్యాచీతోనే మూలపడుతోంది. తెరిస్తే అంతా ఒకే ఫైలు, ఎక్కడ చూసినా ఎక్స్, వై, టెంప్. దాన్ని అర్థం చేసుకునే కన్నా కొత్తగా రాసుకోవడమే మేలనుకుంటారు పిల్లలు.

కర్నూలు అక్షాంశం 15.83, రేఖాంశం 78.04. ఫోన్లు సాధారణంగా అక్షాంశం ముందు చూపిస్తాయి, జియోజేసన్ ఫైలులో రేఖాంశం ముందుంటుంది. ఫంక్షనుకు రెండు డబుల్ విలువలు తారుమారుగా ఇచ్చినా కంపైలరు నోరెత్తదు. కొండారెడ్డి బురుజు పోయి ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్‌బార్డ్‌లో, లాంగియర్‌బైన్ ఊరికి దక్షిణాన తేలుతుంది! అందుకే రెండింటినీ ఒకే స్ట్రక్చరులో పెట్టి, పేర్లు రాసే నింపాలి. ఫ్లోట్ వాడొద్దు: 78 డిగ్రీల దగ్గర దాని రెండు పక్కపక్క విలువల మధ్య నేల మీద సుమారు 80 సెంటీమీటర్ల ఎడం. గట్టు తగాదాకు అది చాలు.

ఊరి పేర్ల సంగతీ అంతే. యూటీఎఫ్-8లో ‘కర్నూలు’కు 21 బైట్లు పడతాయి. 20 బైట్ల అర్రేలో కుక్కితే చివరి అక్షరం తెగుతుంది, లేదా పక్క మెమరీ చెడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఫైలు చదివే కోడు, లెక్కగట్టే కోడు, బొమ్మ గీసే కోడు వేరువేరుగా ఉండడం. లెక్కగట్టే భాగానికి తెర ఊసే ఉండకూడదు. అప్పుడే చెరువు విస్తీర్ణం సరిగ్గా వచ్చిందో లేదో విడిగా పరీక్షించగలం. మాలాక్‌తో తీసుకున్న మెమరీని ఎవరు ఫ్రీ చేయాలో హెడరులోనే రాయాలి.

1982లో అమెరికా సైనిక ఇంజినీర్ల పరిశోధనశాలలో మొదలైన గ్రాస్ జీఐఎస్ ఎక్కువ భాగం సి కోడే. అందులో రాస్టర్ ఫంక్షన్ల పేర్లు ‘రాస్ట్’తో, వెక్టర్‌వి ‘వెక్ట్’తో మొదలవుతాయి. పేరు చూస్తే ఏ లైబ్రరీదో తెలిసిపోతుంది. తరాలు మారినా అది నేటికీ నడుస్తోంది.

కాబట్టి ఈ ఏడాది నుంచే ప్రతి కాలేజీ రెండు పేజీల కోడు నియమావళి రాసుకోవాలి. ప్రాజెక్టు మార్కుల్లో దానికి వాటా ఇవ్వాలి. కొత్త బ్యాచీ పాత కోడు తీసుకుని, ముందు అందులో ఒక తప్పు దిద్ది, ఆ తర్వాతే తన పని మొదలుపెట్టాలి. గైడులు దీన్ని మొదటి రివ్యూలోనే అడగాలి.